ఓటు వేళ లేచి వెళ్లిన ఎమ్మెల్యే

శనివారం రాత్రి, సిరిసిల్ల

తెలంగాణ దీక్షా శిబిరంలో పాస్టరునైన నా చేతిలోని పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యిపెట్టి "నా ఓటు తెలంగాణకే" అని ప్రమాణం చేసిన మా ఎమ్మెల్యే, మొన్న అసెంబ్లీలో తెలంగాణ తీర్మానం మీద ఓటు వేయాల్సిన వేళ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇవాళ ఏమీ జరగనట్టే ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, రేపు ఆరాధనకు అస్తున్న. నాకోసం ప్రార్థన చెయ్యాలె."

పక్కనే ఉన్న సంఘపెద్ద రాజమ్మ విన్నది. "చెయ్యుండ్రి. గని ఈసారి చెయ్యి నెత్తిమీద కాదు, కాళ్లమీద పెట్టుండ్రి. ఓటుకాడ ఉరికినయి గవే గదా!"

నవ్వాను గానీ, నవ్వు నిలవలేదు. గ్రంథం నా చేతిలో ఉందనే ఆ రోజు మగ్గాలవాళ్లు ఆయన్ను నమ్మారు. పాపిని గుమ్మంలోంచి తరమడానికి వాక్యం ఒప్పదు. ప్రార్థిస్తాను. ముందు మాత్రం అందరి ఎదుట నిలబెట్టి, ఎందుకు లేచి వెళ్లిపోయావని అడుగుతాను. జవాబు వచ్చేదాకా నా నోట ఆమేన్ రాదు.