ఎర్రబడ్డ పొగగొట్టం

ఆదిలాబాద్, 12-2-1963

నర్మదా, దస్తూరి చూసి భయపడకు. కుడిచేయి కాలింది, మానుతోంది. తోటి డ్రైవరు లింగమూర్తి రాసిపెడుతున్నాడు.

లారీ జోరు పెంచాలని సేటు ఇంజనుకు డీజిల్ ఎక్కువ వెళ్లేలా పంపు తిప్పించాడు. పత్తి లోడుతో నిర్మల్ ఘాటు ఎక్కుతుంటే పొగగొట్టం నిప్పులా ఎర్రబడి, పైన వేలాడే గోనెపట్టా అంటుకుంది. చేత్తోనే లాగి పారేశాను, పత్తి దక్కింది.

“పంపు తగ్గియ్యకుంటే నేను స్టీరింగు పట్ట” అన్నాను సేటుతో.

“ఆలస్యమైతది గదా రాజలింగూ!”

“కానియ్యి సేటూ. కాలిపోతే అసలుకే చేరదు.”

తగ్గించాడు. నిన్న లింగమూర్తి నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. లారీ మెల్లగా ఎక్కింది, గొట్టం ఎర్రబడలేదు.

బిడ్డకు దగ్గు తగ్గిందా? తగ్గకుంటే కరీంనగర్ దవాఖానకు తీసుకుపో, నాకోసం ఆగకు. మీ అవ్వకు దండాలు, బిడ్డకు దీవెనలు.

రాజలింగు