నలభై స్తంభాలు

జనవరి 8

మళ్ళీ మొదలుపెట్టాను. ఇది మూడోసారి. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను గానీ ఫోన్‌లో యాప్ పెట్టించుకోవడానికి పెద్దపిల్లకి చెప్పక తప్పలేదు. తొమ్మిది వారాల ప్రోగ్రాం. ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. ఇప్పుడు పరుగెత్తండి, ఇప్పుడు నడవండి అని ఫోన్‌లో ఒకమ్మాయి చెబుతుంది. మా ఇంట్లో నాతో అంత మర్యాదగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

టెస్టు మార్చి 15న. రెండు కిలోమీటర్లు, పదిహేను నిమిషాలు. పాసైతే తీగల వెంట నడిచి లైను చూసే ఉద్యోగం. ఫెయిలైతే ఇప్పుడున్న కుర్చీయే. ఫోన్ ఎత్తడం, కరెంటు పోయిందని తిట్లు వినడం, కంప్లయింటు రాసుకోవడం, పెట్టేయడం. నాన్న పోయాక కరెంటాఫీసువాళ్ళు ఇచ్చిన కుర్చీ అది. పదకొండేళ్ళయింది. నలభై రెండు నిండినవాళ్ళని టెస్టుకి రానివ్వరు. నాకు ఆగస్టులో నిండుతాయి.

జనవరి 10

పొద్దున్నే కాలవ గట్టు రోడ్డు. నాన్న లైన్‌మన్. ఈ చుట్టుపక్కల రోడ్లన్నీ ఆయన సెక్షనే. ఆయన సైకిల్ మీద, వెనకాల నిచ్చెన మోస్తూ హెల్పరు ఇంకో సైకిల్ మీద, పక్కన నేను పరుగు. ఏ రోడ్డులో పని ఉంటే ఆ రోడ్డు.

మా ఇంట్లో దూరం స్తంభాల్లోనే చెప్పుకునేవాళ్ళం. కిరాణా కొట్టు ఆరు స్తంభాలు. బడి ఇరవై రెండు. స్తంభానికీ స్తంభానికీ యాభై మీటర్లు, ఇరవై అయితే కిలోమీటరు. ఎక్కాలకంటే ముందు నాకు ఇదే వచ్చింది. నలభై స్తంభాలు ఆగకుండా పరుగెత్తేదాన్ని. నలభై కాగానే నాన్న సైకిల్ ఆపి, ఇంక వెనక కూర్చో అనేవాడు.

ఇప్పుడు ఈ రోడ్డులో ఒకటి ఇనుముది, ఒకటి సిమెంటుది. పాతవి సగం తీసి మార్చినట్టున్నారు. మిగతా సగం సంగతి మర్చిపోయి ఉంటారు. మా ఆఫీసు కదా.

జనవరి 19

పిక్కలు రాళ్ళలా ఉన్నాయి. ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. చూసిన అటెండరు ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

జనవరి 27

ఈరోజు సెలవు. కూర్చుంటే పాత టెస్టులే గుర్తొచ్చాయి.

గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు. మొదటిసారి మూడో రౌండులో డొక్కలో పోటు వచ్చి కూర్చుండిపోయాను. పోయినేడు మళ్ళీ మూడో రౌండులోనే, సగంలో కళ్ళు బైర్లు కమ్మాయి. స్టాప్‌వాచ్ పట్టుకున్న క్లర్కు మంచివాడే. నీళ్ళిచ్చాడు. అక్కా, నీకు ఫోనే నయం, నీడపట్టున పని అన్నాడు.

రెండుసార్లూ టెస్టుకి ముందు ఈ కాలవ గట్టు రోడ్డు మీదే నలభై స్తంభాలు పరుగెత్తి చూసుకునే వెళ్ళాను. రోడ్డు మీద వచ్చింది గ్రౌండులో రాలేదంటే అది కాళ్ళ తప్పు కాదు, భయం. నేను పిరికిదాన్నని తేల్చుకున్నాను. రెండేళ్ళుగా అలా అనుకునే పని చేసుకుంటున్నాను.

ఫిబ్రవరి 5

అయిదు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. నోరు ఎండిపోతోంది గానీ ఆగడం లేదు.

మా ఆయన టైలరు. నా ప్యాంటు నడుము రెండంగుళాలు పట్టేయమని ఇస్తే టేపు చుట్టి చూసి, ఒక్క అంగుళం పడతాను, మిగతాది లోపల మడిచి ఉంచుతాను అన్నాడు. ఎందుకంటే, మార్చి తర్వాత మళ్ళీ విప్పాల్సి వస్తుందిగా అన్నాడు. రాత్రి ఆయన కంచంలో కూర కాస్త తక్కువ వేశాను.

ఫిబ్రవరి 11

ట్రంకు పెట్టె సర్దుతుంటే నాన్న ప్లయరు దొరికింది. పిడికి చుట్టిన నల్ల టేపు ఇంకా ఊడలేదు.

ఆయన ప్రతి స్తంభాన్నీ దీనితో ఒక దెబ్బ కొట్టి వినేవాడు. ఖంగుమంటే బాగున్నట్టు. బొంగురు పలికితే అడుగున తుప్పు పట్టినట్టు. బొంగురు పలికిన స్తంభం హెల్పరుని ఎక్కనివ్వడు. తానూ ఎక్కడు. నా లెక్క కూడా ఆ దెబ్బల మీదే. నలభై ఖంగులు.

పన్నెండేళ్ళకి నా పరుగు ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. నాన్నకి ఆఫీసు మోపెడ్ ఇచ్చింది. మోపెడ్ పక్కన ఎంతసేపని పరుగెత్తుతాం. మొదటిరోజు తొమ్మిది స్తంభాలు వెంటపడ్డాను. ఆయన వెనక్కి చూడలేదు. చూస్తే ఆపాల్సి వస్తుందని చూడలేదని అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది. అమ్మ కొన్ని కల్పించి చెప్పేది. ఇది కల్పించిందో లేదో తెలియదు.

ఫిబ్రవరి 17

నలభై! ఆగకుండా. ఎనిమిది నిమిషాలు.

పదిహేను నిమిషాలు ఇచ్చారు, నాకు ఎనిమిది చాలు. ఫోన్ పిల్ల మాత్రం ఒక కిలోమీటరు అని చూపించింది. పెద్దపిల్లకి చూపించి, మీ ఫోన్లకి లెక్కలు రావు అన్నాను. అమ్మా, ఆకాశంలోంచి చూసి చెబుతుంది, అబద్ధం ఎందుకు చెబుతుంది అంది. ఆకాశంలోంచి చూస్తే స్తంభాలు కనబడవులే అన్నాను. అది తల పట్టుకుంది.

ఫిబ్రవరి 20

నిచ్చెన బాబాయ్ ఆఫీసుకి వచ్చాడు. నాన్న హెల్పరు. పింఛను కాగితం మీద సంతకం కావాలట. చెవులు సరిగ్గా వినబడవు గానీ నాలుక మునుపటిలాగే ఉంది. టీ తెప్పించి, బాబాయ్, నలభై స్తంభాలు ఎనిమిది నిమిషాల్లో కొట్టాను అని గొప్పగా చెప్పాను. ఏ రోడ్డు అన్నాడు. కాలవ గట్టు అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఓసి పిచ్చి మొద్దూ, ఆ రోడ్డులో లావు తీగ వేశాక బరువుకి వేలాడిపోతోందని ప్రతి రెండు ఇనప స్తంభాల నడుమా ఒక సిమెంటుది పాతాం, నిచ్చెన పట్టుకుంది నేనే, మీ నాన్న లెక్క ఇనప వాటిది, నువ్వు కొట్టింది ఇరవై అన్నాడు.

ఆ పని జరిగినప్పుడు నేను పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్నాను.

బాబాయ్ సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చిన మూడు కంప్లయింట్లలో ఊరి పేరు రాయడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 21

పరుగెత్తలేదు.

ఫిబ్రవరి 22

పరుగెత్తలేదు. ఫోన్ పిల్ల మిమ్మల్ని మిస్సవుతున్నాం అని మెసేజ్ పెట్టింది.

ఫిబ్రవరి 24

తెల్లవారకుండానే మా ఆయన లేపాడు. చేతిలో టేపు. ముసలాయన మాట విని మంచమెక్కితే ఎలా, కొలవకుండా కత్తెర వెయ్యకూడదు, పద అన్నాడు.

కాలవ గట్టు మీద ఇద్దరం వంగి కొలిచాం. బట్టలు కొలిచే టేపుతో రోడ్డు కొలుస్తుంటే పాలబండి అతను బండి ఆపి మరీ చూశాడు. రోడ్డుకి చొక్కా కుడుతున్నారా అన్నాడు. చొక్కా కాదు, ప్యాంటు, లోపల మడత ఉంచి కుడుతున్నాం అన్నాడు మా ఆయన, నా వంక చూడకుండా. ఇనప స్తంభం నుంచి సిమెంటు స్తంభానికి పదహారున్నర టేపులు. సిమెంటు నుంచి ఇనపదానికి ఇంకో పదహారున్నర. ఆయన టేపుకి మీటరున్నర చొప్పున సుద్దముక్కతో రోడ్డు మీదే లెక్క వేశాడు. ఇరవై అయిదు మీటర్లు, అటూఇటూ.

బాబాయ్ చెప్పింది నిజమే. ఫోన్ పిల్లదీ నిజమే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది. గ్రౌండులో నేను పడింది మూడో రౌండు సగంలో. అంటే కిలోమీటరు. రెండుసార్లూ కాళ్ళకి నేను నేర్పింది కిలోమీటరే. నేర్పినంతా అవి చేశాయి. ఒక్క అడుగు తక్కువ చేయలేదు.

భయం కాదు.

అరగంట అక్కడే పంపు దగ్గర నిలబడ్డాను. ఇంట్లోవాళ్ళు నీళ్ళు వృథా అని అరిచేదాకా.

ఫిబ్రవరి 25

పరుగెత్తాను. ఇనుపవే లెక్క. ఇరవై మూడు.

మార్చి 3

ముప్పై. డొక్కలో పోటు వచ్చింది, వచ్చినట్టే పోయింది. తిరిగి నడిచొచ్చేటప్పుడు ప్లయరుతో ఇనప స్తంభాలు కొట్టుకుంటూ వచ్చాను. పద్నాలుగోది బొంగురు. ఆఫీసుకి వెళ్ళగానే నా కంప్లయింట్ల పుస్తకంలో నేనే ఒకటి రాసుకున్నాను. ఇచ్చినవారి పేరు దగ్గర నా పేరే రాశాను.

మార్చి 10

నలభై. ఇనుపవి. ఆగలేదు. పదహారు నిమిషాల పది సెకన్లు.

టెస్టుకి అయిదు రోజులుంది. డెబ్భై సెకన్లు ఎక్కువ. మా ఆయన్ని ప్యాంటు ఇంకో అంగుళం పట్టమన్నాను. ఆయన మిషన్ ముందు కూర్చున్నాడు. లోపల మడత ఉంచాడా అని చూశాను. కత్తిరించేశాడు.

మార్చి 13

పదిహేను నిమిషాల ఇరవై సెకన్లు. రేపు పరుగు వద్దు, కాళ్ళకి రెస్టు అని ఫోన్ పిల్ల చెప్పింది. ఈసారి ఎదురు చెప్పలేదు.

మార్చి 14

పద్నాలుగో స్తంభం మార్చారట.

మార్చి 15

గ్రౌండులో స్తంభాలు లేవు. రౌండుకి ఎనిమిది చొప్పున నేనే పాతుకున్నాను. అన్నీ ఇనుపవే. దాటిన ప్రతిదీ ఖంగుమంది.

పద్నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు.

నలభై కాగానే వెనక కూర్చోమని ఎవరూ అనలేదు. ఇంకో రెండు స్తంభాలు పోయి ఆగాను.