ఆ ఒక్క పేజీ

జూన్ 12, గురువారం

ఇప్పుడే రాయాలి. లేకపోతే రేపటికి తప్పు నాది కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

చిన్న అణు రియాక్టర్లు కట్టే కంపెనీ మా పొలాలు అడుగుతూ ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలను వీధిలో అందరికీ నేనే చదివి చెప్పాను. వాడిన ఇంధనం గురించిన పేజీ అర్థం కాలేదు. అలా చెప్పడానికి సిగ్గేసి, "అందులో ఏం లేదు" అన్నాను.

"మా అమ్మాయి చదివింది కదండీ, ఇంకేం చూస్తాం" అంటూ నాన్న ముందుగా వేలిముద్ర వేశాడు. నాన్న వెనకే వీధంతా వేసింది.

ఈ సాయంత్రం డిక్షనరీ పెట్టుకుని చదివాను. వాడేశాక కూడా రేడియేషన్ వెదజల్లే ఆ ఇంధనాన్ని పంటకాలవ పక్కనే దాస్తారట. ఎన్నేళ్లో రాయలేదు. నాన్నకి చెబుదామని వెళ్తే, "ఏంటమ్మా, ఇంకా చదువుతున్నావా" అని మురిసిపోయాడు. చెప్పకుండానే తిరిగొచ్చాను.

కంపెనీకి మెయిల్ పెట్టాను: "అయ్యా, ఎన్నేళ్లు ఉంచుతారు? పదహారున ఈ పొలాల మీద గ్రామసభ. పదిహేనులోగా జవాబివ్వండి."