తల్లే తిన్నదన్నారు

ఏమండీ, నమస్కారం పెట్టి మొదలుపెట్టే మనసు ఇవాళ నాకు లేదు.

మా చెల్లెలి పెళ్లిలో మీకు మర్యాద జరగలేదని, "లాలాపేటల వాళ్ల గడప తొక్కినవంటే నా మీద ఒట్టే" అన్నారు. మీరు బతికున్నంతకాలం నేను తొక్కలేదు. మీ సంవత్సరీకం అయ్యాక, నిన్న నాచారం నుంచి చెల్లెలి ఇంటికి నడిచి వెళ్లాను. వాళ్ల ముందుగదిలో గాజుతొట్టి, నిండా నల్ల మోలీ చేపలు.

"బావనే సీసాల తెచ్చిచ్చిండక్కా. నీళ్లల్ల జర ఉప్పెయ్యమని గూడ జెప్పిండు. మస్తుసార్లు వచ్చిండు, నీకు తెల్వదా?" అంది చెల్లెలు.

మన ఇంటి తొట్టిలో మోలీ చేప పిల్లల్ని పెట్టిన ప్రతిసారీ, సాయంత్రానికి ఒక్క పిల్లా కనిపించేది కాదు. "తల్లే తిన్నది" అనేవారు మీరు. మేత వేస్తూ ఆ చేపను పాపిష్ఠిదానా అని తిట్టేదాన్ని. మీరు పక్కనే ఖాళీ సీసా కడుక్కుంటూ వినేవారు.