ఈసారి ఉండాల్సిన చోట

వదినా,

మీ మిషన్ గదిలో మనిద్దరం గుండీలు కుట్టుకుంటూ గడిపిన ఆ వానాకాలం ఈమధ్య తెగ గుర్తొస్తోంది. పాప పుట్టినప్పటి ఆపరేషన్ మచ్చలోనే రెండో గర్భం నాటుకుందని, ఉంచితే నా ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తీసేశాక, నన్ను మీ ఇంటికి తీసుకెళ్లారు కదా. చూడవచ్చినవాళ్లు "మళ్లీ ఎప్పుడు?" అని ఆరా తీస్తే, "ముందు దాన్ని కడుపునిండా తిననివ్వండి" అని కసిరేవారు. నేను ఏడుస్తుంటే పక్కగదిలోకి వినబడకుండా మిషన్ ఇంకాస్త జోరుగా తొక్కేవారు. ఆ రోజులు కష్టమైనవే, అయినా ఎందుకో తీపిగానే గుర్తున్నాయి.

మీ తమ్ముడు అప్పుడు ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, "పాప చాలు, నువ్వుంటే చాలు" అన్నారు. ఆ తర్వాత మేమిద్దరం ఇంకో బిడ్డ మాటే ఎత్తలేదు.

వదినా, నాకు మళ్లీ నెల తప్పింది. ఇలా జరిగితే ఆలస్యం చేయకుండా రమ్మని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది గనుక, నిన్న ఒక్కదాన్నే స్కానింగ్‌కి వెళ్లాను. ఆవిడ తెరవైపు చాలాసేపు చూసి, "మచ్చకి దూరంగా, ఉండాల్సిన చోటే ఉందమ్మా. గుండె కూడా కొట్టుకుంటోంది" అంది. చివరిదాకా జాగ్రత్తగా కనిపెట్టి చూడాలట. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తారట.

ఆయనకింకా చెప్పలేదు. ఇది రాస్తుంటే ఆయన పక్కగదిలో పాపకి జడ వేస్తున్నారు. "గట్టిగా లాగకు నాన్నా" అంటోందది. ఇద్దరూ ఒకటే నవ్వు.

ఆదివారం రండి. నేనే చెబుతాను, మీరు పక్కన కూర్చోండి చాలు. ఇంత భయాన్నీ, ఇంత సంతోషాన్నీ ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

మీ మరదలు