కామెర్ల వాత

14 జూలై 1976, సమాయిల్ ఆస్పత్రి, అరబ్బు దేశం. వడగాలి. సిరంజిలు మరగబెట్టాను.

టీకాలకు వెళ్లిన పల్లెలో ఓ ముసలమ్మ కామెర్లొచ్చిన మనవడికి వాత పెట్టాలని ఇనుప చువ్వ కాలుస్తోంది. వద్దని అడ్డం నిలబడ్డాను. మనవైపు నుంచే వచ్చిన మా డ్రైవర్ ఖాదర్ నా చెయ్యి లాగాడు.

“నర్సువి నువ్వు, టీకాలేసేకి వచ్చినావు. వాళ్ల ఆచారంతో నీకేం పనప్పా? ఉద్యోగం పోతాది!”

చొక్కా చెయ్యి మడిచి, చిన్నప్పుడు మా నాయనమ్మ పెట్టిన వాత చూపించాను. “దీంతో కామెర్లు తగ్గలేదు, చీము పట్టిందని చెప్పు” అన్నాను. ఖాదర్ తిట్టుకుంటూనే అరబ్బీలో చెప్పాడు. ముసలమ్మ వంగి మచ్చను చాలాసేపు చూసి, చువ్వను ఇసుకలో గుచ్చింది.

పిల్లాణ్ణి, వాడి తల్లిని మా బండిలోనే ఆస్పత్రికి తెచ్చాను. రోగులను ఎక్కించకూడదని రూలు. రేపు సంజాయిషీ అడుగుతారు. ఎక్కించానని రాసిస్తాను. తప్పయిందని మాత్రం రాయను. మందుల పెట్టె ఇంకా బండిలోనే ఉంది, వెళ్లి దించాలి.