వెనక్కి తిప్పని వెండి డాలరు

3వ తేదీ

వియ్యంకులు బావగారికి నమస్కారాలతో,

ఇక్కడ మేమిద్దరం కులాసా. మా అమ్మాయి మీ ఇంట్లో కులాసాగానే ఉండి ఉంటుంది, ఉత్తరాలు రాయడం మానేసింది కాబట్టి.

ఈ ఉత్తరం వెనకాలే ఇన్సూరు చేసిన చిన్న పెట్టె ఒకటి వస్తుంది. అందులో నా వెండి డాలరు ఉంది. నూటపాతికేళ్ళ నాటిది. ముందువైపు రాణిగారిలాంటి ఓ ముఖం, వెనకవైపు రెక్కలు చాచిన పక్షి. ఆ పక్షి తోక కింద ఆవగింజంత అక్షరం ఒకటి ఉంటుంది. అది ఏ టంకశాలలో తయారైందో చెప్పే గుర్తు. ఆ అక్షరం ఉంటే అపురూపం, లేకపోతే మామూలు వెండి. కొన్నరోజు దాన్ని భూతద్దంలో చూసి, అమ్మినవాడి ఎదుటే అట్టలో పెట్టి, వెనక ఫ్లానెల్ గుడ్డ వేసి నా చేత్తోనే కుట్టేశాను. ముప్పై ఏళ్ళుగా ఆల్బమ్ జేబులోంచి బయటికి తియ్యలేదు. తాకిన కొద్దీ విలువ పడిపోతుంది మరి.

మీ ఊళ్ళో నాణేలు పరీక్షించే ఆఫీసుంది కదా. నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి, డెబ్బైకి ఎంత అని అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలుచేసి ఇస్తారు. కాస్త మీ చేత్తో అక్కడ ఇచ్చి రావాలి.

అసలు సంగతి మీ దగ్గర దాచను. ఈ డాలరు కోసం మీ చెల్లెమ్మ కుట్టుమిషను అమ్మేశాను. ఆవిడ పుట్టింటికెళ్ళినప్పుడు, చెప్పకుండా. తిరిగొచ్చి ఖాళీ బల్ల చూసి ఒక్కమాటైనా అనలేదు. తిట్టినా బాగుండేది. ఏడాది తిరక్కుండా వాళ్ళన్నయ్య ఇంకో మిషను కొనిచ్చాడు కాబట్టి గండం గడిచిందిగాని, ఆ అనని మాట ఈ ఇంట్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అరవై దాటి అంకె వస్తే ఆ కాగితం ఆవిడ ముందు పెట్టి, చూశావా, నేను పిచ్చివాణ్ణి కాను అనాలి. అంతే నా కోరిక.

ఇట్లు,
మీ బావగారు (రిటైరైన ప్రూఫ్‌రీడర్)

తా.క.: తుడవకండి. ఊదకండి. దాని దగ్గర తుమ్మకండి.

తా.క. 2: పంపుతున్నానంటే మీ చెల్లెమ్మ మిషను ఆపి, "పంపండి. ఇన్నాళ్ళకైనా ఎవరో ఒకరు చూస్తారు" అంది. ఎంత ఆశ పెట్టుకుందో పాపం.

---

11వ తేదీ

బావగారికి మీ వియ్యంకుడు ఆనందంతో రాయునది,

పని దివ్యంగా పూర్తయింది. పెట్టె ముందు వచ్చింది, మీ ఉత్తరం నిన్న వచ్చింది. పెట్టెలోనే ఆఫీసు చిరునామా, మీ ఫారం ఉన్నాయి కాబట్టి ఉత్తరం కోసం ఆగలేదు.

కౌంటరు దగ్గర అమ్మాయి, "సొంత అట్టల్లో పెట్టినవి తీసుకోం, విప్పి తీసుకురండి" అంది. ఇంటికొచ్చి, మా కోడలు భూతద్దం పట్టుకుంటే నేను కుట్లు విప్పాను. విప్పి చూద్దును కదా, నల్లగా, మాడిన అట్లకాడలా ఉంది! బావగారూ, నలభై ఏళ్ళుగా డ్రైక్లీనింగ్ కొట్టు నడుపుతున్నవాణ్ణి. మరకతో ఉన్న వస్తువు ఒక్కటి కూడా నా చేతి మీదుగా బయటికి పోలేదు. వియ్యంకుడి డాలరు మురికి ముఖంతో పరీక్షకి వెళితే నాకు తల కొట్టేసినట్టుండదూ? గోరువెచ్చటి నీళ్ళు, వంటసోడా, మెత్తటి బ్రష్షు. అయిదు నిమిషాలు. అద్దంలా మెరిసింది.

ఎంత పాత మరకైనా నేను చూడగానే చెబుతాను. అది గుడ్డు మరక. వెండి బొత్తాలున్న కోట్ల మీద గుడ్డు పడితే ముందు పసుపు, తర్వాత నీలం, ఆఖర్న ఇదే నలుపు. మీరు టిఫిను చేస్తూ నాణేలు చూసుకుంటారేమో అనుకున్నాను.

మీ ఉత్తరం చదివాక ఒక్క సందేహం. పక్షి తోక కింద అక్షరమేదీ మాకు కనిపించలేదు. కడగకముందూ లేదు, కడిగాకా లేదు. రిపోర్టు వారంలో ఇస్తారట.

ఇట్లు,
మీ మేలు కోరే వియ్యంకుడు

తా.క.: తుమ్మలేదు.

తా.క. 2: చెల్లెమ్మగారి అన్నయ్య మిషను కొనిచ్చారా! పెళ్ళిలో నేను గొడుగు అడిగితే వాన వెలిశాక తెచ్చిచ్చిన మనిషాయన. ఎవర్నీ తక్కువగా అనుకోకూడదు.

---

15వ తేదీ

అయ్యా,

బావగారూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నూటపాతికేళ్ళ గాలీ వెలుతురూ కలిసి వేసిన రంగును మీరు వంటసోడాతో కడిగేశారు. గుడ్డు మరకట! నేను గుడ్డు తినను, ఆ సంగతి పెళ్ళిలో మీరు వడ్డించబోయినప్పుడే చెప్పాను.

దాన్నయినా భరిస్తానేమో. కాని అక్షరం లేదంటారా? అది లోహంలో అచ్చొత్తిన అక్షరం, చొక్కా మీద సిరా కాదు కడిగితే పోవడానికి. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు పట్టినవాణ్ణి, ఫుల్‌స్టాపు ఎగిరిపోయినా నా కన్ను పట్టేస్తుంది. నేను కుట్టినప్పుడు అక్షరం ఉంది. మీరు విప్పినప్పుడు లేదు. మధ్యలో దాన్ని తాకినవాళ్ళెవరూ లేరు. అంటే మారింది డాలరే. ఎక్కడ మారిందో నా నోటితో అనిపించకండి.

ఇరవై అయిదో తేదీలోగా నా డాలరు నాకు రావాలి. రాకపోతే పోలీసు స్టేషను. అమ్మాయిని వెంటనే పంపించండి. అనుమానమున్న ఇంట్లో నా కూతురు అన్నం తినక్కర్లేదు.

ఇట్లు,
ప్రూఫ్‌రీడర్

తా.క.: మీరు కిందటేడు ఉతికిన నా కోటు కూడా పొట్టిదైంది. మర్యాదకి అప్పుడు అనలేదు.

---

20వ తేదీ

బావగారికి,

మీరు రాయకపోయినా నేను అలాగే రాస్తాను.

మీ ఉత్తరం మా కోడలే చదివి వినిపించింది, నా కళ్ళజోడు విరిగింది కాబట్టి. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. మిగతాది మా అబ్బాయి చదివాడు. కోడలు రానంటోంది. "నాన్న చేసిన దానికి మావయ్య దగ్గర తలెత్తుకోలేకపోతున్నాను, అక్కడికెళ్ళి ఏం చెయ్యను?" అంటోంది.

కొట్టుకొచ్చే బట్టల జేబుల్లో ఉంగరాలు దొరికాయి. జీతం కవర్లు దొరికాయి. ఎవరికీ చూపించకూడని ఉత్తరాలు కూడా దొరికాయి. అన్నీ కవర్లో పెట్టి, పైన చీటీ రాసి తిరిగిచ్చాను. నన్ను దొంగన్నది ఈ లోకంలో మీరొక్కరే. ఇది మనసుకి తగిలింది, చెప్పకుండా ఉండలేను.

రిపోర్టు జతచేస్తున్నాను. "అసలైన వెండి. టంకశాల గుర్తు ఎన్నడూ లేదు, చెరిపిన జాడ లేదు. ఎక్కువగా దొరికే రకం. కడిగినందువల్ల అంకె వెయ్యడం లేదు." కడిగిన తప్పు నాది, ఒప్పుకుంటున్నాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. మిగతాది నాది కాదు.

మీ అట్ట వెనక ఉన్న ఫ్లానెల్ గుడ్డ కూడా పంపుతున్నాను. చేత్తో కుట్టానని రాశారు. బట్టలు నా పని కాబట్టి చెబుతున్నాను, అది మిషను కుట్టు. అంచు దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పి ముడేసే అలవాటున్న చెయ్యి. అలాంటి ముడి నేను ఇంకొక్కచోటే చూశాను, మీ ఇంటినుంచి నా మనవరాలికి వచ్చే గౌన్ల మీద. ఇంతకుమించి రాయను.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క.: కోటు పొట్టికాలేదు.

---

25వ తేదీ

బావగారికి, ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలని మనిషి రాయునది,

మీ కవరు వచ్చేసరికి నేను పోలీసు ఫిర్యాదు రెండో పేజీలో ఉన్నాను. గుడ్డ తీసి చూశాను. మూడు ముడులు. పక్క గదిలో మిషను కటకటలాడుతోంది. గుడ్డ తీసుకెళ్ళి మీ చెల్లెమ్మ ముందు పెట్టాను. మిషను ఆగింది.

"ఎవరు చూశారు, వియ్యంకులు అన్నయ్యగారేనా? మీరు కాదు కదా?" అంది.

చెప్పేసింది బావగారూ, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా. నేను మిషను అమ్మిన ఏడాదికే ఆవిడ నా డాలరు పట్నంలో ఒకాయనకి అమ్మేసింది. ఆ సొమ్ముతో మిషను కొనుక్కుంది. వాళ్ళన్నయ్య చేసిందల్లా దాన్ని బండిలో తెచ్చి దింపడమే, బండి బాడుగ కూడా ఆవిడ దగ్గరే పుచ్చుకున్నాడట. అదే ఏడాది ముద్రవేసిన మామూలు డాలరొకటి కొని, మరీ తెల్లగా ఉందని, ఉడికిన గుడ్డు సొనతో పాటు డబ్బాలో పెట్టి రెండ్రోజులు మూత బిగించింది. ఆ సొన పక్కింటి నుంచి తెచ్చుకుందట!

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"మీరు నాది అడక్కుండా అమ్మారు, నేను మీది అడక్కుండా అమ్మాను. ఎప్పుడు వెనక్కి తిప్పి చూస్తే అప్పుడు చెబుదామనుకున్నాను. ముప్పై ఏళ్ళు చూశాను. మీరు తిప్పలేదు" అంది.

నా ఆల్బమ్‌లో మిగతా నూటపన్నెండు నాణేలూ ఆ మిషను మీద కుట్టిన కుట్టుకూలితో కొన్నవే. రెండు ప్రూఫ్ పేజీలు తిరగేసి చూడకుండా సంతకం పెట్టి ఉంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు. ఇంట్లో ఆవిడ ముప్పై ఏళ్ళు ఉంచుకుంది.

ఫిర్యాదు చించేశాను. మిమ్మల్ని దొంగన్న నోటితోనే క్షమించమని అడగాలి, అది ఉత్తరంలో కాదు. ఆదివారం పొద్దున్న బండికి ఇద్దరం వస్తున్నాం. అమ్మాయి మాట్లాడకపోయినా గుమ్మంలో నిలబడి ఉంటానని చెప్పండి.

ఇట్లు,
మీ బావగారు, అనిపించుకోనిస్తే

తా.క.: మీరు తెల్లగా తోమిన డాలరును వచ్చేటప్పుడు తీసుకుంటాను. ఆవిడ మిషను సొరుగులో పెట్టుకుంటుందట, పెద్ద బొత్తాల కొలతకి సరిపోతుందట.

తా.క. 2: కోటు సరిగ్గానే ఉంది. నేనే లావయ్యాను.

తా.క. 3: మిగతా నూటపన్నెండింటినీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూస్తున్నాను. ఇప్పటికి ముప్పై అయ్యాయి. మీ చెల్లెమ్మ పక్కనే కూర్చుని నవ్వుతోంది. ఎందుకే అంటే, "చూడండి, చూడండి" అంటోంది గాని చెప్పడం లేదు.